స్టేట్‌మెంట్ తేదీ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు

అమెరికా వచ్చిన మొదటి నెలలో అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే, లీజింగ్ ఆఫీసులో ఆవిడ నా ఆఫర్ లెటర్ చూసి సరేనని, కంప్యూటర్‌లో ఏదో కొట్టి చూసి, "మీకు క్రెడిట్ హిస్టరీ లేదు, డిపాజిట్ రెట్టింపు కట్టాలి" అంది. ఇండియాలో ఒక్క ఈఎంఐ కూడా తప్పనివాణ్ణి, సిబిల్ స్కోరు గురించి చెప్పబోయాను కూడా. కానీ అక్కడి రికార్డు ఇక్కడికి దానంతటది రాదు. ఇక్కడ అప్పుల రికార్డులు ఉంచే సంస్థలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఈ మూడు బ్యూరోల్లోనూ నా పేరు మీద ఏమీ లేదు. ఆ రోజు నిజంగా బాధేసింది.

సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. 500 డాలర్లు డిపాజిట్ పెడితే లిమిట్ కూడా అంతే. ఫైకో స్కోరు, అంటే మన సిబిల్ లాంటి ఇక్కడి క్రెడిట్ స్కోరు, రావాలంటే కనీసం ఒక అకౌంటు తెరిచి ఆరు నెలలు కావాలి, అందుకే కొత్తగా వచ్చినవాళ్లకి నేను మొదటి నెలలోనే మొదలుపెట్టమంటాను.

ఏడో నెలలో స్కోరు వచ్చింది, అనుకున్నదానికంటే బాగా తక్కువ. ప్రతి నెలా గడువులోపు మొత్తం కట్టేస్తున్నాను, ఒక్క సెంటు వడ్డీ పడలేదు, మరి ఎందుకు? రిపోర్టు తెరిచి చూస్తే బ్యాలెన్స్ దగ్గర 410 డాలర్లు అని ఉంది. స్టేట్‌మెంట్ తయారైన రోజు కార్డు మీద ఎంత బాకీ ఉంటే, చాలా బ్యాంకులు అదే బ్యూరోలకి పంపుతాయి, మనం తర్వాత మొత్తం కట్టేసినా సరే. 500లో 410 అంటే లిమిట్‌లో 82 శాతం వాడేసినట్టు, స్కోరు తగ్గింది అందుకే! ఫైకో లెక్కలో సమయానికి కట్టడానికి 35 శాతం, ఎంత బాకీ ఉన్నామన్నదానికి 30 శాతం విలువ ఉంటుంది. ఇక అప్పటి నుంచి స్టేట్‌మెంట్‌కి నాలుగు రోజుల ముందే చాలావరకు కట్టేసి, ఓ 30 డాలర్లు మాత్రం ఉంచేవాణ్ణి. రెండు నెలల్లో స్కోరు పెరిగింది. కొంత బాకీ ఉంచుకుని వడ్డీ కడితేనే స్కోరు పెరుగుతుందని మనవాళ్లలో చాలామంది చెప్తుంటారు, దయచేసి నమ్మకండి, అది ఊరికే డబ్బు పోగొట్టుకోవడమే.

ఆటోపే మాత్రం మొదటి రోజే పెట్టేయండి. నా రూమ్మేట్ ఇండియా వెళ్లి ఒక చిన్న బిల్లు మర్చిపోయాడు, 30 రోజులు దాటేసరికి అది రిపోర్టుకెక్కింది. అలా ఎక్కింది ఏడేళ్లు ఉంటుంది. పాపం, కారు లోను కోసం వెళ్లినప్పుడు గానీ వాడికి తెలియలేదు.

రిపోర్టులు యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్.కామ్‌లో వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు, మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. మన పేర్లు ఇంటిపేరు ముందూ వెనకా పడి తప్పులొస్తుంటాయి, అవి కూడా చూసుకోండి.

నా మొదటి కార్డు డిపాజిట్ బ్యాంకు ఎప్పుడో తిరిగిచ్చేసింది. ఇప్పుడు వేరే మంచి కార్డులున్నాయి. అయినా దాన్ని మూయలేదు, నా పేరు మీదున్న అన్నిటికన్నా పాత అకౌంటు అదే, నెలనెలా ఫోన్ బిల్లు దాని మీదే పోతుంది.