వేలంలో వ్యాసపీఠం: పూలు కాదు, కీలు చూడండి

ఆన్‌లైన్ వేలంలో ఒక పాత వ్యాసపీఠం, అదే పుస్తకం ఆనించి చదువుకునే మడత చెక్కపీఠం, కనబడింది. "19వ శతాబ్దం, రోజ్‌వుడ్, అత్యంత అరుదు" అని రాసి బోలెడు ఫొటోలు పెట్టారు, అన్నిటిలోనూ పూలూ లతలే. అది ఎలా మడత పడుతుందో చూపించే ఫొటో ఒక్కటీ లేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే, ఎందుకంటే ఇందులో డబ్బు పెట్టదగ్గ పనితనమంటూ ఉంటే అది కీలులోనే ఉంటుంది.

మంచి వ్యాసపీఠం రెండు చెక్కలు కలిపి చేసింది కాదు, ఒకటే మందపాటి పలక. వడ్రంగి దాన్ని రెండు చివరల నుంచీ మందానికి మధ్యగా రంపంతో చీల్చుకుంటూ వచ్చి, నడుమ కాస్త మేర ఆపేస్తాడు. ఆ మిగిలిన చోట ఉలితో పళ్లు తీస్తాడు, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు ఒకటి ఈ చెక్కది, పక్కది ఆ చెక్కది. మేకు లేదు, జిగురు లేదు, బందు లేదు. తెరిస్తే కత్తెరలా నిలబడుతుంది, మూస్తే మళ్లీ పలకే. ఈ రెండు ముక్కలూ పుట్టుకతోనే ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, పన్ను విరగ్గొడితే తప్ప విడిరావు. నేనైతే పూలన్నీ చెరిపేసినా అదే రేటు ఇస్తాను.

అందుకే కొనేముందు కీలు ఫొటో దగ్గర నుంచి తీసి పంపమనండి. పై రెక్క మీది చెక్క చార కీలు గుండా కింది కాలులోకి తెగకుండా సాగుతోందా చూడండి. మేకులు, స్క్రూలు ఉంటే తర్వాత రిపేరు చేశారని, లేదా అసలు రెండు వేరే చెక్కలని అర్థం. అరుగుదల కూడా అంతే, పుస్తకం ఆనే చోట, కాళ్ల అడుగున ఎక్కువ ఉండాలి. మూలమూలకీ ఒకే నలుపు, ఒకే మెరుపు ఉందంటే నాకు మాత్రం పాలిష్ డబ్బా గుర్తొస్తుంది. పురుగు రంధ్రాల్లోంచి పొడి రాలుతోందంటే పురుగు ఇంకా లోపలే ఉందేమో అనుకోవాలి.

పోతన భాగవతం పారాయణకి వాడినదని కూడా రాశారు. అయ్యుండొచ్చు. కానీ ఇదే అచ్చు పీఠం మీద ఖురాన్ పెట్టి చదివే ఇళ్లూ ఎన్నో ఉన్నాయి, వాళ్లు రెహల్ అంటారు, కాబట్టి ఆ కథకి ఎక్స్‌ట్రా డబ్బులు ఇవ్వకండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1360 నాటి ఖురాన్ పీఠం ఒకటి ఉంది, దాదాపు 130 సెంటీమీటర్ల ఎత్తు. చేసినవాడి పేరు, హసన్ బిన్ సులేమాన్ ఇస్ఫహానీ, తారీఖుతో సహా చెక్క మీదే ఉంది. చరిత్ర అంటే అలా వస్తువు మీద ఉండాలి, అమ్మేవాడి నోట కాదు.

రేటు విషయంలో ఒకటే మాట: సుత్తి పడిన ధర, అంటే వేలంలో చివరికి ఖాయమైన పాట, మీరు కట్టే ధర కాదు. 20,000కి పాడారనుకోండి, వేలం సంస్థ కొన్నవాళ్ల మీద వేసే కమిషన్, అదే ప్రీమియం, 20 శాతమైతే 24,000, ఆపైన పన్ను, రవాణా. ముందే లెక్క వేసుకోండి.

డల్లాస్‌లో ఉండే మా బావకి లింకు పంపితే "నువ్వు పాడు, వచ్చినప్పుడు నేను పట్టుకెళ్తా" అన్నాడు. కుదరదు బావా అన్నాను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుని మనబోటి వాళ్లు దేశం దాటించకూడదు, పైగా రోజ్‌వుడ్‌కి వేరే అంతర్జాతీయ నిబంధనలు. అయినా వాడి తృప్తి కోసం అమ్మేవాళ్లని అడిగాను. "అమెరికాకి మేమే పంపిస్తాం సార్, ఏ ఇబ్బందీ రాదు" అన్నారు! మరి 19వ శతాబ్దం అని రాశారు కదండీ అంటే ఇంతవరకూ జవాబు లేదు. కీలు ఫొటో అడిగాను, అదీ రాలేదు. నేను పాడట్లేదు.