25 కిలోమీటర్ల ‘ఫార్’

మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు నోటుపుస్తకంలో ‘మైపాడు ఈజ్ 25 కిలోమీటర్స్ ఫార్ ఫ్రం నెల్లూర్’ అన్న వాక్యం కనిపించింది. ‘ఫార్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది గాని, బదులుగా ఏమి రాయాలో పక్కన లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఉత్తరాలలో ఇదే తప్పు చేసేవాణ్ణి కనుక ఆమెను ఏమీ అనలేకపోయాను.

తప్పుకు మూలం మన ‘దూరం’లోనే ఉంది. మైపాడు దూరమనీ అంటాం, 25 కిలోమీటర్ల దూరమనీ అంటాం. ఇంగ్లీషులో మాత్రం కొలత చెప్పగానే ‘ఫార్’ తప్పుకొని ‘అవే’ రావాలి. ‘హౌ ఫార్’ అని అడగడానికీ, ‘నాట్ ఫార్’ అని కాదనడానికీ ‘ఫార్’ చక్కగా సరిపోతుంది. అయితే కొలత లేకుండా ఊరికే ‘మైపాడు దూరం’ అని చెప్పవలసి వచ్చినా, మాటల్లో ‘ఎ లాంగ్ వే’ అనడమే వాళ్లకు సహజం. ముందు ‘టూ’, ‘సో’ వంటివి చేరితే ‘ఫార్’ మళ్లీ నిలబడుతుంది.

‘అవే’ కాలానికీ పనికివస్తుంది. సంక్రాంతికి ఇంకా రెండు వారాలుందని మనం అనేచోట వాళ్లు ‘టూ వీక్స్ అవే’ అంటారు.

అంతా విని, ‘అట్టయితే ఆత్మకూరు బస్టాండు ఎంత దూరమని అడిగితే ఫార్, నాలుగు కిలోమీటర్లని చెబితే అవే, అంతే గదా నాన్నా?’ అని, నా జవాబు కోసం ఆగకుండానే రబ్బరు అందుకుంది.