గోడౌన్ ఏ ఒడ్డున?

శనివారం, కడూనా (ఉత్తర నైజీరియా).

పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ మోతలోనే ఇడ్లీలు తిని ఆఫీసుకు వెళ్లాను. ఈ వారం నా నెత్తిన పడ్డ పని కొత్త గోడౌన్‌కి చోటు చూడటం. బిస్కెట్లు అమ్మే కంపెనీకి అదేం బ్రహ్మవిద్య అంటారు మన ఊళ్లో. ఇక్కడ మాత్రం ముందు అడిగేది అద్దె ఎంతని కాదు, నదికి ఏ పక్కనని.

కడూనా నది ఊరిని రెండుగా చీలుస్తుంది. ఉత్తరాన తుదున్ వాడా, రిగాసా పేటల్లో దాదాపు అందరూ ముస్లింలే. దక్షిణాన సబోన్ తాషా, నరాయి, టెలివిజన్ (పేట పేరే అది) వైపు దాదాపు అందరూ క్రైస్తవులు. మునుపు ఇంత విడివిడిగా లేరట. 2000లో రాష్ట్రంలో షరియా తెస్తారన్న దాని మీద ఫిబ్రవరిలో రేగిన గొడవలు మేలో మళ్లీ రాజుకున్నాయి. కనీసం 2,000 మంది చనిపోయారని మానవ హక్కుల సంస్థల అంచనా. 2002లో మిస్ వరల్డ్ పోటీల మీద పత్రికలో వచ్చి, ముస్లింలకి కోపం తెప్పించిన రాతకి, 2011లో ఎన్నికల ఫలితాలకి మళ్లీ తగలబడింది ఊరు. ప్రతిసారీ కొన్ని కుటుంబాలు ఇళ్లు వచ్చినకాడికి అమ్ముకుని అవతలి ఒడ్డుకు పోయాయి.

మా స్టోర్ కీపర్‌ని అందరం అల్హాజీ అంటాం. దక్షిణాన కకూరిలో పుట్టాడు, వాళ్ల నాన్నది అక్కడి బట్టల మిల్లులో ఉద్యోగం. ఇప్పుడు ఉంటున్నది రిగాసాలో. పాత ఇల్లు ఎవరు కొన్నారో, ఎంతకి కొన్నారో చెప్తాడు గానీ ఎందుకు అమ్మారో చెప్పడు. నేనూ అడగలేదు. ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అన్ని మతాలవాళ్లూ ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే రోజు జీతం తీసుకున్న చోట్లు పోవడం ఈ ఊరికి తగిలిన పెద్ద దెబ్బే అని నా ఉద్దేశం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

డ్రైవర్‌ది నరాయి. గోడౌన్ రిగాసాలో పెడితే పగలు వస్తాను గానీ చీకటి పడితే ఉండను ఓగా (ఇక్కడి మాటలో బాస్ అని), అనేశాడు. 2018 అక్టోబరులో ఈ రాష్ట్రంలోనే కసువన్ మగాని అనే ఊరి సంతలో తగాదా ముదిరి 55 మంది చనిపోయినప్పుడు ఇక్కడ సిటీలోనూ కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజుల సంగతి ఎత్తితే ఇప్పటికీ టెన్షన్ పడతాడు. సబోన్ తాషాలో పెడదామంటే అల్హాజీ ఏమీ అనలేదు, చేతిలో ఉన్న స్టాకు పుస్తకం మూసి మళ్లీ మొదటి పేజీ నుంచి లెక్క మొదలుపెట్టాడు.

చోటంటే ఇక్కడ మామూలు విషయం కాదు మరి. 1992లో ఈ రాష్ట్రంలోనే జాంగోన్ కటాఫ్‌లో అంత మారణకాండ మొదలైంది సంతని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చిన దగ్గరే. సంత ఎవరి నేల మీద ఉంటే వాళ్లదే పెత్తనం. ఆ ఊళ్లో ఎవరు సొంతవాళ్లు, ఎవరు వచ్చినవాళ్లు అన్న తగువుకి మతం తోడైంది. ఆ ఏడాది గొడవల్లోనే పాస్టర్ జేమ్స్ వూయే కుడిచెయ్యి పోయింది, ఇమామ్ మొహమ్మద్ అషాఫా గురువునీ, ఇద్దరు దగ్గరి చుట్టాలనీ పోగొట్టుకున్నాడు. ఒకరి మీద ఒకరు పగబట్టిన ఆ ఇద్దరూ 1995 నుంచి ఈ ఊళ్లోనే కలిసి రాజీ కుదిర్చే పని చేస్తున్నారు. గొప్పవాళ్లే, సందేహం లేదు. కానీ వాళ్లు ఎంత తిరిగినా నది దాటినవాళ్లు వెనక్కి రాలేదు. ఈ ప్రశాంతతలో సగం ఎడం వల్ల వచ్చిందే.

మధ్యాహ్నం సెంట్రల్ మార్కెట్‌కి వెళ్లాం. అక్కడ యాకువా దొరికింది, మన గోంగూరే. కట్టలు అమ్మే ఆవిడ హిజాబ్‌లో ఉంది, బేరమాడేవాళ్లలో మెళ్లో సిలువ వేసుకున్నవాళ్లూ ఉన్నారు. డ్రైవర్ హౌసాలో గీచి గీచి బేరమాడి రెండు కట్టలు ఎక్కువ వేయించాడు. రాత్రికి పచ్చడి.

సాయంత్రం రెండు ఒడ్లకీ రెండు చిన్న గోడౌన్లు కావాలని లెక్క రాసి లాగోస్‌కి పంపాను. బాస్ ఫోన్‌లో ఒంటికాలి మీద లేచాడు. డబుల్ అద్దె ఎవడు కడతాడు, మధ్యలో ఒక్కటి చూడు అన్నాడు. మధ్యలో అంటే మార్కెట్ చుట్టుపక్కలే, అక్కడ ఒక్కదాని అద్దే ఈ రెండింటికంటే ఎక్కువ. అది కూడా రాసి పంపాను. రేపు చర్చిల దగ్గర మధ్యాహ్నం దాకా దారి దొరకదు, ఇంటి ఓనర్లని సోమవారం కలవాలి.