వెస్ట్‌మిన్‌స్టర్‌లో తాళం తీయని తలుపు

లండన్ వెళ్లినవాళ్లు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే అనే పాత చర్చిలో రాజుల సమాధులు, పట్టాభిషేకం కుర్చీ చూసి బయటపడతారు. మేమూ అవన్నీ చూశాం. టికెట్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలి కదా! కానీ నన్ను కదలనివ్వకుండా నిలబెట్టేసింది మాత్రం చాప్టర్ హౌస్‌కి, అంటే ఒకప్పటి సన్యాసుల సమావేశ మందిరానికి, వెళ్లే నడవలో మూసి ఉన్న ఓ పాత తలుపు. జనం దాని పక్కనుంచే ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోతున్నారు.

బ్రిటన్ మొత్తంలో ఇదే అన్నిటికన్నా పాత తలుపు అంటారు. ఓక్ చెక్క, నిలువుగా ఐదు పలకలు. 2005లో ఆ చెక్కలోని వలయాలు లెక్కగట్టి, చెట్టుని 1032కీ 1064కీ మధ్య కొట్టారని తేల్చారు. ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ అనే రాజు అక్కడ తన చర్చి కట్టిస్తున్న రోజులవి. ఆ తర్వాత ఆ చర్చిని చాలామటుకు పడగొట్టి కొత్తది కట్టారు. తలుపు మాత్రం మిగిలింది.

దగ్గరికి వెళ్లి చూస్తే పలకలు నల్లబడి, గరుకుగా ఉన్నాయి. దీని ఇనుప పట్టీ కింద తోలు ముక్కలు దొరికాయట. అది మనిషి చర్మమనీ, చర్చిలో దొంగతనం చేసినవాడి తోలు ఒలిచి తలుపుకి కొట్టారనీ జనం చాలాకాలం చెప్పుకున్నారు. నమ్మడానికి కారణం కూడా లేకపోలేదు. 1303లో మొదటి ఎడ్వర్డ్ అనే మరో రాజు స్కాట్లండ్ యుద్ధంలో ఉండగా ఇదే ఆవరణలో దాచిన రాజుగారి ఖజానాకి కన్నం పడింది. రిచర్డ్ పుడ్లికాట్ అనే వ్యాపారి దొరికాడు, ఉరి తీశారు. చర్చి సన్యాసుల్ని కూడా తీసుకెళ్లి జైల్లో పెట్టారు. తీరా తలుపు మీది తోలుని పరీక్ష చేస్తే అది ఆవు తోలు! చెక్క నున్నగా కనిపించాలని అంటించినది.

మా ఆవిడ ఓపిక అయిపోయింది. "లోపల చీపుర్లు, బకెట్లే ఉంటాయి, పదండి" అంది. ఆవిడ మాట మరీ తీసిపారేయాల్సింది కాదు. ఆ వెనకాల గదిని సామాన్లు పెట్టుకోవడానికే వాడారట.

నాకు మాత్రం అక్కడే అసలు విషయం తట్టింది. ఇప్పుడు ఆరడుగుల చిల్లర ఉన్న ఈ తలుపు మొదట తొమ్మిదడుగులట. ఈ గుమ్మంలో పట్టించడానికి కోసేశారు. పైగా తోలు రెండు వైపులా అంటించారు. సామాన్ల గదికి లోపలి వైపు కూడా అలంకారం ఎవరు చేయిస్తారు? అటు కూర్చునేవాళ్లూ పెద్దవాళ్లే అయ్యుండాలి. పాత చాప్టర్ హౌస్ తలుపు ఇదే కావచ్చని ఒక ఊహ ఉంది. సన్యాసులు రోజూ కూర్చుని తప్పొప్పులు మాట్లాడుకునే చోటు అది. కాబట్టి నేను ఊహించుకోవాల్సింది ఇప్పుడు దీని వెనకున్న గదిని కాదు, అసలు ఇప్పుడు లేనే లేని గదిని. గోడల వెంట రాతి బెంచీలు, చలికి చేతులు అంగీలో దోపుకున్న కుర్ర సన్యాసి, పెద్దాయన తన పేరు పిలుస్తాడేమోనని వాడి టెన్షన్. రాతి బెంచీలు ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు, నా ఊహలో నేనే వేసుకున్నాను.

పక్కనే పిక్స్ ఛాంబర్ ఉంది. నాణేల నాణ్యత పరీక్షకి తీసిన నమూనాల పెట్టెలు దాచిన గది. దాని తలుపులు బలమైన జంట తలుపులు, కానీ సందర్శకుల కోసం తెరిచే ఉంచారు. లోపల పొట్టి స్తంభాలు, చల్లటి రాయి, పెద్ద చెక్క పెట్టెలు. అవి గుమ్మంలోంచి పట్టవు, లోపలే తయారుచేశారని చెప్పారు.

"అంటే వడ్రంగిని లోపల కూర్చోబెట్టి చేయించారన్నమాట. వాడికి కాపలా ఎవరో!" అంది మా ఆవిడ. ఇక ఈసారి ఆవిడే కదల్లేదు.