తన్ని గెలిచినవాడు, తన్నొద్దని నేర్పాడు

రగ్బీ ఆటగాడు, ఇప్పుడు కోచ్ అయిన రోనన్ ఓగారా గురించి చాలా రోజుల్నుంచి రాయాలని ఉంది. ఐర్లాండ్‌లోని కార్క్‌లో ఉంటే ఈయన పేరు చెవిన పడకుండా ఉండదు, మా ఆఫీసులో అందరూ రాగ్ అంటారు, పక్కింటి కుర్రాడి గురించి చెప్పినట్టే చెప్తారు. పుట్టింది 1977లో అమెరికాలో, శాన్ డియాగోలో, కానీ పెరిగిందంతా ఇక్కడే. ఇక్కడి మన్‌స్టర్ క్లబ్‌కి 240 మ్యాచ్‌లు, ఐర్లాండ్‌కి 128, ఒక్క ఐర్లాండ్‌కే 1083 పాయింట్లు. ఇవన్నీ ఇక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు కానీ నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాత కథ, ఎందుకంటే ఆడిన రోజుల్లో ఏ పని చేసి గెలిచాడో కోచ్ అయ్యాక సరిగ్గా దానికి ఎదురు పని చేయించి గెలిచాడు.

రగ్బీ చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. బాల్ పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు, ఆ వెంటనే కొట్టే కన్వర్షన్ కిక్‌కి ఇంకో 2. పెనాల్టీ వస్తే పోస్టుల మధ్యలోంచి తంతే 3. ఆట నడుస్తుండగానే బాల్‌ని చేతిలోంచి నేల మీదకి వదిలి అది లేచే క్షణంలో తన్ని పోస్టుల మీదుగా పంపితే దాన్ని డ్రాప్ గోల్ అంటారు, దానికీ 3. ఓగారా పది నంబర్ జెర్సీ, అంటే ఫ్లై హాఫ్, టీమ్‌ని నడిపేది ఆయనే. భారీ మనిషి కాదు, ట్యాక్లింగ్, అంటే ఎదురొచ్చేవాణ్ణి పట్టి పడేయడం, అంత గట్టిది కాదు, అవతలి వాళ్ళు కావాలనే పెద్ద పెద్ద వాళ్ళని ఆయన మీదకి పరిగెత్తించేవాళ్ళు. ఆయన బలమంతా కాలిలోనే ఉంది. తమ సగంలో బాల్ దొరికితే పట్టుకుని కూర్చోకుండా తన్ని అవతలి మూలకి పంపేయడం, వాళ్ళని అక్కడే ఇరికించడం, వాళ్ళు తప్పు చేస్తే పెనాల్టీ కొట్టి మూడు తీసుకోవడం, మన్‌స్టర్ ఆటంతా దాదాపు ఇదే.

ఆ కాలే మొదట్లో ఏడిపించింది కూడా. 2000లో యూరప్ క్లబ్‌ల కప్పు ఫైనల్లో మన్‌స్టర్ ఇంగ్లండ్ క్లబ్ నార్తాంప్టన్ చేతిలో 9-8, ఒక్క పాయింట్‌తో ఓడిపోయింది, ఆ రోజు ఈయన నాలుగు కిక్‌లు మిస్ చేశాడు. 2002లో ఇంకో ఫైనల్ పోయింది. కప్పు రావడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది, 2008లో మళ్ళీ గెలిచారు.

2009 మార్చి 21 గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను. కార్డిఫ్‌లో వేల్స్ మీద మ్యాచ్, గెలిస్తే ఐర్లాండ్‌కి గ్రాండ్ స్లామ్, అంటే సిక్స్ నేషన్స్ టోర్నీలో ఆ సీజన్ మిగతా ఐదు దేశాల మీదా గెలిచినట్టు, అది చివరిసారి వచ్చింది 1948లో. ఇంక ఐదు నిమిషాలు ఉందనగా వేల్స్ డ్రాప్ గోల్ కొట్టి 15-14తో ముందుకెళ్ళింది. ఐర్లాండ్ ఫార్వర్డ్స్, అంటే ముందుండే భారీ ఆటగాళ్ళు, బాల్ పట్టుకుని అంగుళం అంగుళం జరుగుతున్నారు, ఓగారా వెనక నిలబడి ఆగు ఆగు అన్నట్టు చూస్తున్నాడు, అందరికీ తెలుసు ఏం చేయబోతున్నాడో, వేల్స్ వాళ్ళకీ తెలుసు. టీమ్‌లోని స్ట్రింగర్ పాస్ ఇచ్చాడు, వేల్స్ వాళ్ళు మీదకి దూకుతున్నారు, వాళ్ళ చేతుల మీదుగా బాల్ పోస్టుల మధ్యకి వెళ్ళిపోయింది. 17-15. ఆఖర్లో వేల్స్‌కి దూరం నుంచి ఒక పెనాల్టీ దొరికింది కానీ ఆ కిక్ అందలేదు. 61 ఏళ్ళ తర్వాత గ్రాండ్ స్లామ్. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు అరచేతులు చెమటలు పడతాయి.

అదే ఏడాది లయన్స్ టీమ్‌తో, అంటే బ్రిటన్, ఐర్లాండ్ కలిపి పంపే జట్టుతో, దక్షిణాఫ్రికా వెళ్ళి ప్రిటోరియాలో ఆఖరి నిమిషంలో గాల్లో ఉన్న ఆటగాడిని ఢీకొట్టి పెనాల్టీ ఇచ్చేశాడు, వాళ్ళ మోర్నే స్టెయిన్ సగం గ్రౌండ్ అవతల నుంచి కొట్టాడు, సిరీస్ పోయింది. మూడు నెలల్లో ఇంత పైకీ ఇంత కిందకీ.

2013లో రిటైర్ అయ్యాక ఊళ్ళోనే ఏదో పదవి తీసుకుని ఉండిపోయేవాడే అనుకుంటాం. కానీ పారిస్ వెళ్ళాడు, రేసింగ్ క్లబ్‌లో అసిస్టెంట్‌గా. ఫ్రెంచ్‌లో అంతంతమాత్రంగా మొదలుపెట్టి, పెద్ద పేరున్న మనిషి అయ్యుండి ఇద్దరు హెడ్ కోచ్‌ల కింద పనిచేశాడు. అక్కడికే జానీ సెక్స్టన్ ఆటగాడిగా వచ్చాడు. ఐర్లాండ్ పది నంబర్ జెర్సీ కోసం ఈయనతో కొట్టుకున్న మనిషి, 2009లో డబ్లిన్ క్రోక్ పార్క్‌లో, మన్‌స్టర్ మీద లెన్‌స్టర్ క్లబ్‌కి ఆడుతూ, కింద పడున్న ఓగారా మొహం మీద అరిచినవాడు. ఇద్దరూ అక్కడే దగ్గరయ్యారు. 2016లో రేసింగ్ ఫ్రాన్స్ లీగ్ గెలిచింది.

తర్వాత 2018లో భార్యాపిల్లల్ని తీసుకుని ప్రపంచం అవతలి కొసకి, న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్‌కి వెళ్ళిపోయాడు, క్రూసేడర్స్ క్లబ్‌లో హెడ్ కోచ్ స్కాట్ రాబర్ట్‌సన్ కింద మళ్ళీ అసిస్టెంట్‌గానే. వరసగా రెండేళ్ళు టైటిల్. నా లెక్కలో ఆయన కోచింగ్‌లో అసలు మలుపు ఇదే, అక్కడివాళ్ళు బాల్ చేతిలో ఉంటే దాన్ని ఊరికే వదులుకోరు, ఎక్కడి నుంచైనా ఆడతారు. అక్కడి నుంచి ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డునున్న లా రోషెల్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళి ఆటగాళ్ళకి నూరిపోసింది ఒక్కటే, కీప్ ద బాల్ అలైవ్. పడిపోతున్నా సరే పాస్ ఇవ్వు, బాల్ చావనివ్వకు. జీవితమంతా బాల్ తన్నిన మనిషి ఈ మాట చెప్పాడు!

2021లో యూరప్ ఫైనల్, ఫ్రాన్స్ లీగ్ ఫైనల్ రెండూ టులూజ్ క్లబ్ చేతిలో ఓడిపోయారు. 2022 యూరప్ ఫైనల్ మార్సెయిల్‌లో, అవతల మన్‌స్టర్‌కి పాత పోటీదారైన డబ్లిన్ క్లబ్ లెన్‌స్టర్, వాళ్ళ పది నంబర్ సెక్స్టన్. లెన్‌స్టర్ ఒక్క ట్రై కూడా చేయలేదు, ఏడు పెనాల్టీలు కొట్టి 21 తెచ్చుకుంది. లా రోషెల్ మూడు ట్రైలు చేసింది. 21-17తో వెనకబడి ఆఖరి నిమిషాల్లో గీత ముందు బాల్ వదలకుండా గుద్దుకుంటూ గుద్దుకుంటూ పోయారు, చివరికి వాళ్ళ ఆటగాడు రెటియేర్ చెయ్యి చాపి ఆనించాడు, 24-21. అంటే పాత ఓగారా ఆట ఆడిన టీమ్‌ని కొత్త ఓగారా ఆట ఓడించింది. ఆ క్లబ్‌కి అదే మొదటి పెద్ద కప్పు. మరుసటి ఏడాది ఫైనల్ డబ్లిన్‌లో, అంటే లెన్‌స్టర్ సొంతింట్లో, పన్నెండు నిమిషాలకే 17-0 వెనకబడ్డారు, అయినా 27-26తో గెలిచారు. మన్‌స్టర్ వాళ్ళకి లెన్‌స్టర్ ఓడిపోతే ఉండే ఆనందం వేరు, ఆ సోమవారం మా ఆఫీసులో పని జరగలేదనుకోండి.

ఈయనలో నాకు నచ్చనిదీ ఉంది. రిఫరీల మీద, అధికారుల మీద నోరు పారేసుకుని ఫ్రాన్స్ లీగ్‌లో ఎన్నోసార్లు సస్పెండ్ అయ్యాడు, మ్యాచ్ రోజు గ్రౌండ్ పక్కన ఉండాల్సిన మనిషి స్టాండ్‌లో కూర్చోవాల్సొచ్చింది. ఆ కోపమే ఆయన్ని నడిపిస్తుందని ఇక్కడ వెనకేసుకొస్తారు, నేనైతే ఒప్పుకోను, దానివల్ల నష్టపోయింది టీమే.

కప్పుల తర్వాత లా రోషెల్ తగ్గింది కూడా. 2025 ఏప్రిల్‌లో వాళ్ళ సొంత గ్రౌండ్‌కి వచ్చి 25-24తో కొట్టి యూరప్ నుంచి బయటికి పంపింది ఎవరో కాదు, మన్‌స్టరే. ఐర్లాండ్ కోచ్ ఉద్యోగం ఖాళీ అయిన రోజు మొదటి ఫోన్ ఓగారాకే వెళ్ళాలని నా కోరిక, బయట మూడు చోట్ల తిరిగి ఇంత నేర్చుకుని వచ్చిన ఐరిష్ కోచ్ నాకు తెలిసి ఇంకొకరు లేరు.