న్యూపాల్ట్జ్‌లో ఏడు ఇంటిపేర్లు, ఒక ఎక్సెల్ షీటు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైల్లో న్యూయార్క్, అక్కడ పోర్ట్ అథారిటీ బస్‌స్టాండులో బస్సెక్కి హడ్సన్ నది పక్కనున్న న్యూపాల్ట్జ్ ఊరు. ఇద్దరికీ రానూపోనూ బస్సు టికెట్లకే వంద డాలర్లు దాటింది, అంత పోసినా బస్సు ముప్పావు గంట లేటు. నా కారు మెకానిక్ దగ్గరుంది, నాతో వచ్చిన పక్కింటి పెద్దావిడకి హైవే మీద నడపడం భయం, వేరే దారి లేదు. శుక్రవారమే అయినా సగం బస్సు షావాంగంక్ కొండలెక్కడానికి పోయే కుర్రాళ్లే. తాళ్లు, హెల్మెట్లు, మోకాళ్లకి తగిలే బ్యాగులు. ఏసీ ఎంత పెట్టాడంటే ఆగస్టు నెలలో శాలువా కప్పుకుని కూర్చున్నాం.

నేనెందుకు వెళ్లానంటే ఎక్సెల్ కోసం. ఆవిడ పూర్వీకుడు న్యూపాల్ట్జ్ ఊరు కట్టిన పన్నెండు మంది హ్యూగెనాట్లలో, అంటే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లలో, ఒకడు. వాళ్ల వంశం పుస్తకం చివరిసారి అచ్చయి ఒక తరం దాటిపోయింది, అప్పటినుంచి పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ చేర్చి కొత్తది తయారు చేసే పని ఆవిడ నెత్తిన పడింది. ఏ కుటుంబమో రాయొద్దంది కాబట్టి రాయను.

హ్యూగెనాట్లు అనగానే అందరూ 1685 అంటారు, పద్నాలుగో లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేస్తే ఫ్రాన్స్ వదిలిపోయిన ప్రొటెస్టెంట్లు అని. వీళ్లు అంతకుముందే జర్మనీ వైపు మాన్‌హైమ్ చేరి, అక్కణ్ణించి ఒక్కో కుటుంబంగా హడ్సన్ నది పక్కకి వచ్చి, 1677లో అక్కడి మూలవాసులైన ఈసోపస్ తెగవాళ్లతో భూమికి ఒప్పందం రాసుకుని, గవర్నర్ దగ్గర పట్టా పుచ్చుకున్నారు. పన్నెండు మంది, ఇంటిపేర్లు ఏడే: డుబోయిస్, హాస్‌బ్రూక్, డెయో, లెఫీవర్, బెవియర్, ఫ్రీర్, క్రిస్పెల్. ఆ తర్వాత వంద, నూట యాభై ఏళ్లు వీళ్లలో వీళ్లే ఇచ్చిపుచ్చుకున్నారు. అందుకే ఒకే మనిషి పుస్తకంలో నాలుగు చోట్ల నాలుగు దారుల్లో తేలతాడు. పైగా తాతల పేర్లే మనవలకి, దాంతో ఎక్కడ చూసినా అబ్రహాములూ జేకబ్‌లే.

దారంతా ఆవిడ చెప్పిన కష్టాలు వింటూ నవ్వాపుకోలేకపోయాను. బంధువులకి ఉత్తరం రాస్తే ఒకాయన ఇదేదో మోసమని నంబరు బ్లాక్ చేశాడట. ఇంకొకావిడ ఫోన్ చేసి, ఆస్తి ఏమైనా పంచుతున్నారా అని మాత్రం అడిగి పెట్టేసిందట. విడాకులు తీసుకున్న ఒకతను మొదటి భార్య పేరు తీసేయమని పట్టు, ఆవిడకి పుట్టిన పిల్లలు మాత్రం ఉండాలట!

హ్యూగెనాట్ స్ట్రీట్ అందంగానే ఉంది. రాతి ఇళ్లు, 1721లో కట్టిన జాన్ హాస్‌బ్రూక్ ఇంటికి ఇంటికన్నా ఎత్తుగా కనిపించే పైకప్పు. టూర్‌కి వేరే టికెట్టు, మేం ఎగ్గొట్టి నేరుగా లైబ్రరీకే పోయాం. అక్కడ మధ్యాహ్నమంతా కూర్చున్నాం.

వంశం పుస్తకంలో ఒక్కొక్కరికి వేసే నంబర్ల గొడవ అక్కడే అర్థమైంది. మూలపురుషుడు 1, అతని మూడో బిడ్డ 13, ఆ బిడ్డకి రెండోది 132, ఇలా తరానికో అంకె పక్కన చేరుస్తూ పోతారు. చూడ్డానికి హాయిగానే ఉంటుంది. కానీ 1700ల్లో పుట్టి పసితనంలోనే పోయిన ఒక పెద్దబిడ్డ బయటపడితే, కింద ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వాళ్ల వందలాది వారసులూ అందరి నంబర్లూ మారాలి. ఆవిడ ఇదంతా రబ్బరుతో చెరిపి పెన్సిల్‌తో రాస్తోంది! నేను ఫార్ములా పెట్టి ఇస్తే ఆవిడ నన్ను చూసిన చూపు... మా మేనేజర్ ఏనాడూ అలా చూళ్లేదు.

నన్ను అసలు ఆశ్చర్యపరిచింది మాత్రం దగ్గర్లోని కింగ్‌స్టన్ ఊరి డచ్ చర్చి బాప్తిస్మం రిజిస్టర్. 1660లో మొదలైంది, మాకిచ్చింది అచ్చు వేసిన నకలు. ప్రతి బిడ్డకీ తండ్రి పేరు, సాక్షుల పేర్లు, వాటితోపాటు తల్లి పేరు, అదీ పుట్టింటి ఇంటిపేరుతో. ఆ పన్నెండు మందిలో ఒకడైన లూయీ డుబోయిస్ భార్య డుబోయిస్ కాదు, కేథరిన్ బ్లాంషాన్. మూడున్నర శతాబ్దాల నాటి ఆడవాళ్లు సొంత ఇంటిపేరుతో కనిపిస్తున్నారు, నా పుట్టింటి పేరేమో నా పిల్లలకి బ్యాంకు సెక్యూరిటీ ప్రశ్నకి జవాబుగా తప్ప ఎందుకూ పనికిరాదు.

అయితే చర్చి గుమాస్తా రాసుకున్నది తర్వాత వంశం పుస్తకం వేసినవాళ్లు వదిలేశారు. పాత ప్రతిలో కూతురు దగ్గరికి రాగానే పెళ్లయిన సంవత్సరం వేసి చుక్క పెట్టేస్తారు, ఆమె పిల్లలు వేరే వంశం కింద లెక్క. మా అమ్మమ్మ ఊళ్లో కోతలయ్యాక వంశరాజులు వచ్చేవాళ్లు, అప్పట్లో పిచ్చుకుంట్లవాళ్లు అనేవాళ్లం. అరుగు మీద కూర్చుని గోత్రంతో మొదలెట్టి ఫలానావారి కొడుకు, ఆయన కొడుకు అంటూ మా తాతయ్యదాకా రాగంగా చదివేవాళ్లు. వాళ్లకి వడ్లు కొలిచి పోసేది అమ్మమ్మే, ఆ పాటలో అమ్మమ్మ పేరు మాత్రం ఒక్కసారీ వచ్చేది కాదు. కొత్త పుస్తకంలో కూతుళ్ల సంతానాన్ని కూడా చివరిదాకా రాయాలని ఆవిడ పట్టుదల. పేజీలు ఎన్ని రెట్లవుతాయో తలుచుకుంటే నాకు టెన్షన్, ఆవిడకి లేదు.

మధ్యలో బయటికెళ్లి శాండ్‌విచ్, కాఫీ తీసుకుంటే ఒక్కొక్కరికి ఇరవై రెండు డాలర్లు, ఆ పైన టిప్ ఎంతో నొక్కమని స్క్రీన్ ఇటు తిప్పారు.

అసలు మాటపట్టింపు తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు వచ్చింది. ఈ కుటుంబాలకి బానిసలుండేవాళ్లు. 1799 చట్టం వచ్చాక న్యూయార్క్‌లో బానిస తల్లులకి పుట్టిన పిల్లల్ని యజమాని టౌన్ క్లర్క్ దగ్గర నమోదు చేయించాలి: యజమాని పేరు, బిడ్డ పేరు, వయసు, ఆడో మగో. ఆ పిల్లలు పేరుకి స్వేచ్ఛగా పుట్టినా మగవాళ్లయితే 28 ఏళ్లు, ఆడవాళ్లయితే 25 ఏళ్లు వచ్చేదాకా చాకిరీ చేయాల్సిందే. ఆ పిల్లల పేర్లు పుస్తకంలో ఎక్కడ పెట్టాలి? చివర్లో అనుబంధంగా అని ఆవిడ, ఏ ఇంట్లో పుట్టారో ఆ ఇంటి పేజీలోనే అని నేను.

"వాళ్లు మా వారసులు కాదు కదా" అంది. "ఆ ఇంట్లో ఎవరున్నారో రాస్తున్నప్పుడు వాళ్లనెలా వదిలేస్తారు?" అన్నాను. ఇక్కడి యూనివర్సిటీ 2019లో హాస్టళ్లకున్న ఈ కుటుంబాల పేర్లు తీసేసి షావాంగంక్, అషోకాన్ లాంటి చుట్టుపక్కల ప్రాంతాల పేర్లు పెట్టుకుంది, అదే క్యాంపస్‌లో లైబ్రరీకి బానిసత్వం మీద పోరాడిన సోజర్నర్ ట్రూత్ పేరు ఎప్పటినుంచో ఉంది. ఈ జిల్లాలోనే బానిసగా పుట్టి, 1826లో చంటిపిల్లని ఎత్తుకుని యజమాని ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయిన మనిషి ఆవిడ. హాస్టళ్ల పేర్లు మార్చడం మా పెద్దావిడకి ఇప్పటికీ మింగుడుపడదు. పేర్లు చెరపడం తప్పని ఆవిడంటే, సరే మీరు మాత్రం చెరపకండి అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

బస్సులో, పుస్తకం వేసే కుటుంబం కమిటీని అడుగుతానంది. నేను ఫైలు తెరిచి, ప్రతి ఇంటి వరుసలోనూ వాళ్ల పేర్లకి ఒక కాలమ్ చేర్చేశాను. కమిటీ వద్దంటే వాళ్లే తీసుకోవాలి, నేనైతే తీయను.