పోటీ రాకముందే తగ్గిన గోప్రో

హెల్మెట్‌కో సైకిల్‌కో బిగించుకుని సాహసాలను వీడియో తీసే చిన్న యాక్షన్ కెమెరాలు చేసే అమెరికా కంపెనీ గోప్రో ఎందుకు దెబ్బతిన్నదని ఎవరిని అడిగినా చైనా కంపెనీల పేరే చెబుతారు. ఋషికొండలో స్కూబా డైవింగ్ నేర్పే శిక్షకులు, ఆదివారం తెల్లవారకముందే హెల్మెట్‌కు కెమెరా బిగించుకుని అనంతగిరి ఘాట్ ఎక్కే మోటో వ్లాగర్లు, జగదాంబ పరిసరాల్లో కెమెరాలు అమ్మే దుకాణదారులు అందరిదీ ఒకటే మాట: డీజేఐ, ఇన్‌స్టా360 వచ్చాయి, గోప్రో పని అయిపోయింది. ఇందులో నిజం లేకపోలేదు గానీ తేదీలు దీనికి పూర్తిగా ఒప్పుకోవు. గోప్రో ఆదాయం అత్యధికంగా ఉన్నది 2015లో, 162 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదికే అది 118 కోట్ల చిల్లరకు పడిపోయి, 41.9 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. డీజేఐ తన మొదటి యాక్షన్ కెమెరాను విడుదల చేసింది 2019 మే నెలలో. ఇన్‌స్టా360కి పేరు తెచ్చిన వన్ ఎక్స్ 2018లో వచ్చింది. సోనీ, షావోమీ వంటి కంపెనీల కెమెరాలు అప్పటికే బజారులో ఉన్నమాట వాస్తవమే అయినా, గోప్రో కొనేవారిని పెద్ద ఎత్తున లాక్కునే సత్తా వాటికి లేదు. కాబట్టి 2016లో జరిగినదానికి కారణాన్ని ఇంకెక్కడో వెతకాలి.

కంపెనీ పుట్టుక గురించి క్లుప్తంగా చెబుతాను. కాలిఫోర్నియాకు చెందిన నిక్ వుడ్‌మన్ నడిపిన ఫన్‌బగ్ అనే ఆన్‌లైన్ ఆటల సంస్థ 2001లో మూతపడింది. ఆ తర్వాత ఆయన సర్ఫింగ్ చేస్తూ ఆస్ట్రేలియా, ఇండోనేషియా తిరిగారు. అలల మీద ఉన్నవాడు తన ఫోటో తానే తీసుకోవడానికి మణికట్టుకు కెమెరాను కట్టుకునే పట్టీ ఉంటే బాగుంటుందన్న ఆలోచన అక్కడే వచ్చింది. 2002లో కంపెనీ పెట్టారు. 2004లో వచ్చిన మొదటి హీరో 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే మామూలు కెమెరా. అందులో వీడియో లేదు. అసలు మలుపు 2009లో హెచ్‌డీ హీరోతో వచ్చింది. 2010లో 6.45 కోట్ల డాలర్లుగా ఉన్న ఆదాయం 2013 నాటికి 98 కోట్లు దాటింది. 2012 అక్టోబరులో ఆస్ట్రియా స్కైడైవర్ ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అంతరిక్షపు అంచుల నుంచి దూకినప్పుడు ఆ దృశ్యాలను పట్టిన వాటిలో గోప్రోలు కూడా ఉన్నాయంటే, ఆ రోజుల్లో దాని ప్రతిష్ఠ ఏపాటిదో తెలుస్తుంది.

వుడ్‌మన్ గొప్పతనం లెన్సులో కన్నా బిగింపులో ఉందని నా అభిప్రాయం. కెమెరాను పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె అడుగున రెండు రెక్కలు, స్టాండు మీద మూడు రెక్కలు ఉంటాయి; ఒకదాని సందుల్లోకి మరొకటి దూర్చి పక్కనుంచి పొడవాటి మరను చేత్తో తిప్పితే కెమెరా ఇక కదలదు. హెల్మెట్, సైకిల్ హ్యాండిల్, పడవ అంచు, ఛాతీ పట్టీ, అన్నిటికీ అదే అమరిక. మన సముద్రంలో వాడినవారికి దీని కష్టాలూ తెలుసు: మే నెల ఉక్కలో పెట్టె మూసి నీళ్లలోకి దిగితే లోపలివైపు ఆవిరి పట్టేది, అందుకని తేమను పీల్చే సన్నని పట్టీలను అందులో పెట్టేవారు, ఉప్పునీటి నుంచి తీసిన వెంటనే బకెట్‌లోని మంచినీటిలో ముంచకపోతే మర తుప్పు పట్టి బిగుసుకుపోయేది. అయినా ఆ అమరిక ఎంత స్థిరపడిందంటే, గోప్రోకు ఎసరు పెట్టిన కంపెనీలు సైతం నేటికీ ఆ రెక్కలకు సరిపోయే భాగాలను తమ కెమెరాలతో ఇస్తున్నాయి.

ఇంత మంచి వస్తువులోనే ఆ కంపెనీకి చిక్కు ఉంది. నా దగ్గర ఉన్నది 2018లో వచ్చిన హీరో 7 బ్లాక్. చేతిలో పట్టుకుని నడిచినా దృశ్యం కుదుపు లేకుండా వచ్చే హైపర్‌స్మూత్ దానితోనే మొదలైంది. గోప్రో చేసిన వాటిలో నాకు నచ్చింది అదే. బ్యాటరీ ఒకటి మార్చాను తప్ప అది నేటికీ చక్కగా పనిచేస్తోంది, అందుచేత ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో ఒక్కటీ నేను కొనలేదు. పడినా పగలని, తడిసినా చెడని వస్తువును అమ్మి, ప్రతి సెప్టెంబరులో కొత్తది కొనమని అడగడం అంత తేలిక కాదు. పైగా దాని అవసరం ఎప్పుడో గానీ రాదు. ఫోను ప్రతి గంటా చేతిలో ఉంటుంది, యాక్షన్ కెమెరా అరకుకో లంబసింగికో బయలుదేరిన రోజున బీరువాలోంచి బయటకు వస్తుంది. 2015లో గోప్రో 66 లక్షల కెమెరాలను పంపిణీ చేసింది. సాహస క్రీడల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారంతా అప్పటికి కొనేశారు, ముచ్చటపడి కొన్న మిగతావారు రెండోది కొనలేదు. దానికి తోడు 2016లో గెలాక్సీ ఎస్7, ఐఫోన్ 7 నీటికి తట్టుకునే ఫోన్లుగా వచ్చాయి. ఆర్కే బీచ్‌లో అలల దగ్గర పిల్లల వీడియో తీసుకోవడానికి ఇంకొక కెమెరా ఎందుకన్న ప్రశ్నకు కంపెనీ దగ్గర జవాబు లేదు.

ఈ పరిమితిని ఒప్పుకుని ఉంటే గోప్రో ఒక మోస్తరు పరిమాణంలో, లాభసాటిగా, చాలాకాలం నడిచేదేమో. కానీ 2014 జూన్‌లో అది షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఒక్కో షేరు 24 డాలర్లకు ఇస్తే, అదే ఏడాది అక్టోబరు నాటికి 90 డాలర్లు దాటింది. ఆ ధరను సమర్థించుకోవాలంటే కెమెరాలు అమ్మే కంపెనీ అన్న పేరు చాలదు. అందుకని తాము మీడియా సంస్థ కూడా అవుతామని, వాడకందారులు తీసిన వీడియోలే తమ సరుకని చెప్పుకున్నారు. వీడియోలు కోట్లమంది చూశారు, ఆ ఆదాయం మాత్రం చెప్పుకోదగ్గంతగా రాలేదు. 2016 నవంబరులో ఆ వినోద విభాగాన్ని మూసేసి, సుమారు 200 ఉద్యోగాలను తొలగించారు. ధరల విషయంలోనూ అంతే తడబాటు. 2015 జూలైలో 399 డాలర్లకు వచ్చిన చిన్న సెషన్ కెమెరా డిసెంబరుకల్లా 199కి దిగింది. మొదటి నెలలో కొన్నవారు ఏమనుకుని ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది ముగిసేసరికి షేరు 24 డాలర్లకు దిగువన ఉంది.

డ్రోన్ వ్యవహారాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డీజేఐతో గోప్రో మొదట తలపడింది అక్కడే. 2013లో డీజేఐ తెచ్చిన మొదటి ఫాంటమ్‌కు సొంత కెమెరా లేదు. అది పొట్ట కింద గోప్రోను మోసుకుని ఎగిరేది. అంటే డీజేఐ డ్రోన్ అమ్ముడైనప్పుడల్లా గోప్రోకు కూడా వ్యాపారం దొరికేది. ఆ వెసులుబాటు ఎక్కువకాలం నిలవలేదు, డీజేఐ త్వరలోనే తన కెమెరాలు తాను చేసుకుంది. ఎగరడం తెలిసినవాడు కెమెరా నేర్చుకున్నాడు సరే, కెమెరా తెలిసినవాడు ఎగరడం నేర్చుకోగలడా అన్నది ప్రశ్న. 2016 సెప్టెంబరు 19న గోప్రో తన కర్మా డ్రోన్‌ను ప్రకటించింది. ఎనిమిది రోజుల తర్వాత డీజేఐ మావిక్ ప్రోను చూపించింది. మావిక్ అంతకన్నా చిన్నగా మడతపడుతుంది, ఎదురుగా ఉన్న అడ్డంకిని గుర్తించి ఆగుతుంది, మనిషిని వెంబడిస్తుంది, కెమెరా అందులోనే ఉంటుంది. కర్మాకు ఇవేవీ లేవు, కెమెరా విడిగా కొనుక్కోవాలి. అక్టోబరు చివర్లో అమ్మకాలు మొదలైన కర్మా, గాలిలో ఉండగానే విద్యుత్తు ఆగి కూలిపోతున్నదని తేలడంతో, నవంబరు 8న అమ్మినవాటిని మొత్తం, దాదాపు 2,500, వెనక్కి పిలవాల్సి వచ్చింది. బ్యాటరీ బిగింపులో లోపమట! బిగింపులో ప్రపంచానికి పాఠం చెప్పిన కంపెనీకి ఈ గతి పట్టడం విధి వైపరీత్యమే. సరిచేసి 2017 ఫిబ్రవరిలో మళ్లీ తెచ్చారు గానీ అప్పటికే ఆలస్యమైంది, 2018 జనవరిలో డ్రోన్ల వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకున్నారు.

ఇలా బలహీనపడ్డాక వచ్చింది అసలైన పోటీ. 2019 నాటి డీజేఐ ఆస్మో యాక్షన్‌కు ముందువైపు కూడా తెర ఉంది. తనను తాను తీసుకుంటూ మాట్లాడే వ్లాగర్‌కు తన ముఖం ఫ్రేములో ఉందో లేదో కనిపించడం ఎంత ముఖ్యమో గోప్రోకు తట్టలేదు, ఆ ముందు తెర హీరో 9తో 2020 సెప్టెంబరులో గానీ రాలేదు. ఇన్‌స్టా360 ఇంకో దారి పట్టింది. ఘాట్ రోడ్డు మలుపులో బండి నడిపేవాడు కెమెరాను లోయవైపు తిప్పాలా, రోడ్డువైపు తిప్పాలా అని ఆలోచించే స్థితిలో ఉండడు. నాలుగు దిక్కులనూ ఒకేసారి పట్టి, ఇంటికి వచ్చాక కావలసిన వైపును ఎంచుకునే వీలు కల్పించడం, పట్టుకున్న కర్ర కూడా కనిపించకుండా చేయడం, ఆ పనంతా ఫోనులోనే ముగించేలా యాప్‌ను తీర్చిదిద్దడం వంటి వాటితో ఆ షెన్‌జెన్ కంపెనీ కొత్త వాడకందారులను సంపాదించుకుంది. ఇక మసక వెలుతురు సంగతి. బొర్రా గుహల్లో రంగు దీపాల కింద నా హీరో 7తో తీసిన వీడియోలో రాతి గోడల మీదంతా చుక్కలే. గోప్రో 2022 నాటి హీరో 11లో పెట్టిన 1/1.9 అంగుళాల సెన్సార్‌నే (వెలుతురును పట్టే చిప్పు; అది పెద్దదైతే మసక వెలుతురులో చుక్కలు తగ్గుతాయి) 2024లో హీరో 13లోనూ కొనసాగించింది. అదే నెలలో వచ్చిన ఆస్మో యాక్షన్ 5 ప్రోలో అంతకన్నా పెద్దదైన 1/1.3 అంగుళాల సెన్సార్ ఉంది. పెట్టె లేకుండా హీరో 13 నీటిలో 10 మీటర్ల లోతుకు వెళితే ఆస్మో 20 మీటర్లకు వెళుతుంది. ఋషికొండ శిక్షకులు ఏది కొనాలో నిర్ణయించుకోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

గోప్రో చేతులు ముడుచుకుని కూర్చున్నదనడం అన్యాయం. 2016లో రీప్లే, స్ప్లైస్ అనే రెండు ఎడిటింగ్ యాప్‌లను సుమారు 10.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. నెలవారీ, వార్షిక చందాలను ప్రవేశపెట్టి దాదాపు 25 లక్షల మందిని చేర్చుకున్నది. ఇప్పుడు ఆ కంపెనీకి నిలకడగా వచ్చే డబ్బు అదే. 2023 మేలో కెమెరాల ధరలను తగ్గించింది. 2024 మార్చిలో తమ పేటెంట్లను ఉల్లంఘించిందంటూ ఇన్‌స్టా360 మీద అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఒక్క చందా తప్ప మిగతావేవీ పెద్దగా ఫలించలేదని లెక్కలే చెబుతున్నాయి: 2024లో అమ్మినవి దాదాపు 24 లక్షల కెమెరాలు, ఆదాయం 80.1 కోట్ల డాలర్లు, నష్టం 43.2 కోట్లు. 2025 వసంతంలో షేరు ఒక డాలరుకు కూడా నోచుకోలేదు. అదే ఏడాది జూన్‌లో ఇన్‌స్టా360 మాతృసంస్థ షాంఘై షేర్ మార్కెట్లో నమోదైంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాక్స్ కథ. గోప్రో తన 360 డిగ్రీల మాక్స్ కెమెరాను 2019 అక్టోబరులో తెచ్చింది. దాని తర్వాతి తరం మాక్స్ 2 వచ్చింది 2025 సెప్టెంబరులో. ఈ మధ్యకాలంలో ఇన్‌స్టా360 వరుసగా ఎక్స్2, ఎక్స్3, ఎక్స్4, ఎక్స్5 విడుదల చేసింది. డీజేఐ సైతం 2025 జూలైలో ఆస్మో 360తో ఆ బరిలోకి దిగింది. మాక్స్ 2లో గీతలు పడిన లెన్సును పనిముట్టు అవసరం లేకుండా చేత్తోనే తిప్పి మార్చుకోవచ్చు, అది మంచి ఏర్పాటే. కాకపోతే లెన్సు మార్చుకునే సౌకర్యం ఎక్స్5లో అదే ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చేసింది.